ఒకే తొట్టిలో ఆరుగురు

రెండో మెట్ట చేపపిల్లల కేంద్రం వారికి,

తొమ్మిదో మెట్ట నీటి కాపరి సంగాడి నూకరత్నం రాస్తున్నది.

ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. రేపు మధ్యాహ్నం పడవలో మా కమిటీ మీకు ఒక కాగితం పంపుతోంది. అందులో మా చేపలు జబ్బు చేసి చనిపోయాయని ఉంటుంది. జబ్బు అని రాసిన మెట్టకు తొంభై రోజులు మీరు చేపలు ఇవ్వరు. మాకు అన్ని రోజులు లేవు. చేపలకు ఏ జబ్బూ రాలేదు. తప్పు నాది. ఎలా జరిగిందో నా రోజువారీ పుస్తకంలోంచి ఎత్తి రాస్తున్నాను. మా తొట్టిని మీరు చూసి ఉండరు కాబట్టి అక్కడక్కడా వివరం కలిపాను.

జూన్ 8

ఉదయం ఆరింటికి తొంభై రెండు మెట్లెక్కి తొట్టి గదికి వెళ్లాను. అద్దానికి పట్టిన పాచి గీకాను. ఎండు బాదం ఆకులు రెండు పాతవి తీసి కొత్తవి వేశాను. దోమపిల్లల్ని వడగట్టి మేత పెట్టాను. సముద్రం నుంచి వచ్చి, ఉప్పు పోయి, ఇళ్లకు వెళ్లబోయే నీళ్లన్నీ ఈ తొట్టిలోంచే పోతాయి. అందులో ఆరు మగ ఫైటర్ చేపలు. మూడు నీలం, రెండు ఎరుపు, ఒకటి తెలుపు మీద నల్ల చుక్కలది. ఆరూ ఒకే గూటిలో పుట్టినవి. పిల్లలుగా ఉన్నప్పటి నుంచి ఒక్క పూట కూడా విడిపోలేదు. అందుకే కొట్టుకోవు.

తొట్టి కింద పలుకుపెట్టె ఉంది. చేప రెక్క ఎలా ఆడుతోందో, దవడ ఎంత తెరుస్తోందో చూసి, ఆ చేప స్థితిని మాటల్లో చెబుతుంది. దానికి తెలిసినవి నాలుగే మాటలు. నీళ్లు మంచివే. నీళ్లు బరువుగా ఉన్నాయి. గాలి చాలట్లేదు. పక్కన ఎవరో ఉన్నారు. చివరిది తొట్టిలోకి పామో ఎండ్రకాయో దూరితే చెప్పడానికి పెట్టారు. నా రెండేళ్ల ఉద్యోగంలో అది ఒక్కసారీ వినలేదు.

ఇవాళ ఆరూ 'నీళ్లు మంచివే' అన్నాయి. మైకులో మెట్ట మీద ఇళ్లన్నీ విన్నాయి. కుళాయిలు తెరిచాను.

ఆ గొంతుల సంగతి కూడా రాయాలి. మూడేళ్ల కిందట, జూన్ పదకొండున, సముద్రం వైపు గొట్టంలో పూడిక తీయడానికి దిగిన ఆరుగురు మనుషులు తిరిగి రాలేదు. వాళ్లు పనిలో ఉండగా హెల్మెట్ల నుంచి పైకి మాట్లాడిన మాటలు ఏళ్ల తరబడివి దాచి ఉన్నాయి. కమిటీ ఆ గొంతుల్నే పలుకుపెట్టెకు నేర్పించింది. అంతకు ముందు గంట ఉండేది. గంట మోగితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈ గొంతులు వినబడితే చేతిలో పని ఆపి వింటారు. ఒక్కో చేపకు ఒక్కో మనిషి పేరు. చుక్కల చేప మా నాన్న, ధనరాజు.

జూన్ 10

రేపు సంవత్సరీకం. ప్రతి ఏడూ ఆ ఆరిళ్ల వాళ్లూ విస్తరి పట్టుకొని తొట్టి గదికి వచ్చి, వాళ్ల మనిషి మాట విన్నాకే తింటారు. మా అమ్మకు ఈ ఏడు మోకాళ్లు పట్టేశాయి. మెట్లెక్కలేదు.

"ఓ సీసాలో వేసి ఒక్క రోజు ఇంటికి తీసుకురాయే. పొద్దున్నే మళ్లీ దింపేద్దువుగాని" అంది.

తీయకూడదన్నాను. నాకు ముందు ఈ పని చేసిన ఎస్తేరమ్మ గారు నాకు అప్పగించేటప్పుడు చెప్పిన మొదటి మాట అదే: పది లెక్కపెట్టేంతసేపు కూడా ఒక్కడిని బయటికి తియ్యొద్దు. ఎందుకని అడిగితే, తియ్యొద్దంతే అన్నారు.

"ఆవిడకి చదువు లేదు కాబట్టి అలా అంది. నువ్వు చదువుకున్నదానివి. మళ్లీ ఎలా కలపాలో పుస్తకంలో ఉండదా?" అంది అమ్మ.

మా ఇంట్లో బడికి వెళ్లినదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ ఎప్పుడూ అలాగే అడుగుతుంది. పుస్తకంలో ఉండదా అని. కాపరి పరీక్షకు చదివేటప్పుడు రాసుకున్న నోటుబుక్కు తీసి చూశాను. ఉంది. విడదీసిన బెట్టా, అంటే ఫైటర్ చేపను తిరిగి గుంపులో కలిపే పద్ధతి, ఏడు అంచెలు, నా చేతిరాతలోనే. చాలా సంతోషం వేసింది. ఎస్తేరమ్మ గారిని అడగలేదు. ఆవిడకి తెలిస్తే ఒప్పుకోరని తెలుసు.

సాయంత్రం మేత వేళకు చుక్కల చేపను చేత్తో సీసాలోకి మళ్లించాను. గొడవ చేయకుండా వచ్చేసింది. చిన్న పలుకుపెట్టె ఒకటి మరమ్మతు చేసి ఉంచింది ఉంటే, అదీ తెచ్చాను.

జూన్ 11

ఉదయం తొట్టి గదికి వచ్చిన అయిదిళ్ల వాళ్లూ తమ మనిషి గొంతు విని వెళ్లారు, ఆరో చేప ఏదని ఎవరూ అడగలేదు. అమ్మ ముగ్గు వేసి, దాని మీద పీట వేసి, సీసా పెట్టింది. చింతకాయ వేసి రొయ్యల కూర వండింది. ఉదయం నుంచి పది పన్నెండు సార్లు నాన్న గొంతు 'నీళ్లు మంచివే' అంది. అన్నప్పుడల్లా అమ్మ ఊఁ అంది.

భోజనాల వేళ అమ్మ మంచినీళ్ల బిందె తెచ్చి సీసా పక్కన పెట్టింది. కొత్తగా తోమిన స్టీలు బిందె. చేప బిందె వైపు తిరిగింది. ఒళ్లంతా బిగించి, దవడ కింది పొర పంకాలా విప్పింది. అప్పుడు మా నాన్న గొంతు, ఎప్పుడూ అనని మాట అంది.

"పక్కన ఎవరో ఉన్నారు."

అమ్మ చేతిలో గరిటె ఆగింది.

"నేనేనయ్యా. నేనే ఉన్నాను" అంది.

చేప చూసింది బిందెలో తన నీడనే. అది నాకు తెలుసు. నాలుగైదు సార్లు అదే మాట అన్నది. అన్న ప్రతిసారీ అమ్మ నేనేనయ్యా అంటూ సీసా దగ్గరికి జరిగింది. బిందె పక్కకు తీశాను కాని, ఎందుకు తీశానో అమ్మకు చెప్పలేదు. చెప్పకపోవడం తప్పని ఆ క్షణంలో అనిపించలేదు. మూడేళ్లలో అమ్మతో నాన్న మాట్లాడినట్టు ఉన్నది ఆ ఒక్కసారే.

జూన్ 12

నోటుబుక్కు ప్రకారమే చేశాను. సీసాను అరగంట తొట్టి నీళ్ల మీద తేలేశాను. తొట్టి నీళ్లు గ్లాసు గ్లాసు చొప్పున సీసాలో కలిపాను. ఎవరి చోటు ఎవరికీ గుర్తుండకుండా రాళ్లు, నాచు చోట్లు మార్చాను. తరవాత వదిలాను.

రెండు నిమిషాలు ఏమీ కాలేదు. చుక్కల చేప నాచు పక్కన ఆగింది. పెద్దిరాజు మామ పేరున్న నీలం చేప ఎదురొచ్చి, ఆగి, రెక్కలు విప్పింది.

"పక్కన ఎవరో ఉన్నారు" అంది పెద్దిరాజు మామ గొంతు.

తరవాత యోహాను బాబాయి గొంతు. తరవాత సూరిబాబు, తాతారావు, కొండలు. ఆఖరున మా నాన్న. ఒకళ్ల మాట పూర్తికాకుండా ఇంకొకళ్లు. మైకు తెరిచే ఉంది. మీట కోసం తడిమాను, దొరకలేదు. కిందికి చూస్తే వీధిలో ఆడవాళ్లు బిందెలు పట్టుకొని కదలకుండా నిలబడి, పైకి చూస్తున్నారు.

చుక్కల చేపను వల వేసి తీసేశాను. తోక సగం పోయింది. దాన్ని తీసేస్తే మిగతా అయిదూ సర్దుకుంటాయనుకున్నాను. సర్దుకోలేదు. అప్పటిదాకా పక్కపక్కనే తిరిగిన చేపలు ఒకదాని వైపు ఒకటి తిరిగాయి. తొట్టిలో చేప లేకుండా నీళ్లు వదలకూడదు కాబట్టి వాటిని తీయలేదు.

జూన్ 13

తాతారావు చనిపోయాడు. చేప అని రాయాలి. రాసింది కొట్టెయ్యకుండా ఉంచుతున్నాను.

ఉదయం ఎస్తేరమ్మ గారింటికి వెళ్లి అంతా చెప్పాను. ఆవిడకి చూపు దాదాపు పోయింది. నా చెయ్యి పట్టుకొని విన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"వాళ్లు ఒకళ్లనొకళ్లు ఎప్పుడూ చూసుకోలేదే. నీళ్లలో నీళ్లలా ఉన్నారు. నువ్వొకణ్ణి తీసి, చూపించావు" అన్నారు.

ఇప్పుడు ఏం చెయ్యాలని అడిగాను. చేసేదేమీ లేదన్నారు. ఇవి ఇంక కలవవు. కొత్త గూటి నుంచి, విడిపోని అన్నదమ్ములు కావాలి.

అక్కడి నుంచి బడికి వెళ్లి అసలు పుస్తకం తీసి చూశాను. నేను ఎత్తి రాసుకున్న పేజీకి పైన శీర్షిక ఉంది. ఆడచేపల గుంపులు. మగచేపల అధ్యాయం దాని తరవాత మొదలవుతుంది. అందులో మొదటి వాక్యం, రెండు మగచేపల్ని ఒక తొట్టిలో ఉంచరాదు. పరీక్ష ముందు రోజు తొందరలో శీర్షిక వదిలి, కింది పద్ధతి మాత్రం అందంగా రాసుకున్నాను. ఏడు అంచెలకూ ఎర్ర సిరాతో అంకెలు కూడా వేశాను.

జూన్ 14

సూరిబాబు, యోహాను పోయారు. మైకు ఆపేసినా గొంతులు మెట్ల దాకా వినబడుతున్నాయి.

మధ్యాహ్నం పెద్దిరాజు మామ భార్య బేబత్త తొట్టి గదికి వచ్చింది. ఈవిడ మా అమ్మతో రోజూ చేపలు ఎండేసే మనిషి. అద్దం దగ్గర కూర్చొని చాలాసేపు వింది. మామ గొంతు పక్కన ఎవరో ఉన్నారని అంటూనే ఉంది.

"ఎవర్ని చూసి అంటన్నాడే మీ మామ?" అని అడిగింది.

మిగతా చేపల్ని చూసి అని చెప్పాను. నేను చేసింది చెప్పాను. ఒక్కణ్ణి తీసి మళ్లీ దింపానని.

బేబత్త నా వైపు చూడలేదు. "ఆ రోజూ అంతేగా" అంది. "అయిదుగురు లోపలే ఉన్నారు. మీ నాన్నొక్కడే పానా మర్చిపోయానని పైకొచ్చి, మళ్లీ దిగాడు. ఆయన దిగడానికని గేటు రెండోసారి ఎత్తారు. అది మళ్లీ పడలేదు, సముద్రం లోపలికొచ్చేసింది."

ఆ సంగతి నాకు తెలియదు. మూడేళ్లలో మెట్ట మీద ఒక్కరు కూడా మా ఇంటి వాళ్ల ముందు ఆ మాట అనలేదు. పండక్కి పిలిచారు, కూర గిన్నెలు పంపారు, నాకు ఈ ఉద్యోగం ఇమ్మని కమిటీని అడిగారు. అందరికీ తెలుసు. అందరూ దాచారు.

అమ్మకు తెలుసా అని అడిగాను.

"తెలీకేం" అంది బేబత్త. "ఆ పానా అలమారాలోనే దాచింది కదా, గుడ్డలో చుట్టి. ఆ రోజు ఆయన అది తీసుకోకుండానే దిగాడు. కంగారులో."

జూన్ 16

కొండలు పోయాడు. పెద్దిరాజు ఒక్కడు మిగిలాడు, ఒక కన్ను లేదు. వేరే సీసాలో ఉంచాను. మేత ముట్టడం లేదు.

తొట్టిలో చేప లేకుండా నీళ్లు వదలడం ఇదే మొదటిసారి. చుక్కల చేపకు తోక కొంచెం మొలుస్తోంది, మేత తింటోంది. ఒక్కటైనా నయమని దాన్ని తొట్టిలో వదిలాను. అంత పెద్ద తొట్టిలో ఒక్కటే. రెండు నిమిషాలు ఆగి మైకు తెరిచాను.

"పక్కన ఎవరో ఉన్నారు" అంది నాన్న గొంతు.

నలువైపులా అద్దమే. ఎటు తిరిగినా తన నీడే కనబడుతుంది. అద్దాలకు గుడ్డ కట్టాను. అయినా అంటూనే ఉంది. గోడలకు, రాళ్లకు మిగతా అయిదింటి వాసన పట్టి ఉంటుంది, అది పోవాలంటే నెలలు పడుతుందని ఎస్తేరమ్మ గారు చెప్పారు. పలుకుపెట్టె ఒకసారికి ఒక మాటే చెప్పగలదు. ఈ మాట చెబుతున్నంతసేపూ నీళ్ల మాట చెప్పదు.

సాయంత్రం దాకా మెట్ట అంతటా మా నాన్న గొంతు ఒక్కటే వినబడింది, దాదాపు ఖాళీ తొట్టిలోంచి. ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలో కూర్చొని ఉంది. ఇక్కడికీ స్పష్టంగా వినబడుతోంది. ఈసారి నేనేనయ్యా అనలేదు.

"ఆపెయ్యమ్మా" అంది. "ఆయన్ని ఇంక పడుకోనీ."

తిరిగి మెట్లెక్కి ఆపేశాను. చుక్కల చేప ఇప్పుడు ఇంట్లో సీసాలో ఉంది. పలుకుపెట్టె లేకుండా.

జూన్ 18

కమిటీ పెద్ద వాకాడ గంగాధరం గారు పిలిపించారు. మంచి మనిషి. నా పరీక్ష దరఖాస్తు ఆయనే నింపి పెట్టారు. జబ్బని రాద్దామన్నారు.

"నీ ఉద్యోగం ఉంటది. మీ నాన్న కథ మళ్లీ ఎవరూ తవ్వరు. ఏడుసార్లు అడిగినా నేను జబ్బనే చెప్తాను" అన్నారు.

తొంభై రోజుల నిబంధన గుర్తుచేశాను. పోయిన ఏడు సముద్రంలో విషపు ఎర్రనీరు రాలేదు కదా అన్నారు. అంతకు ముందు ఏడు జూలై పౌర్ణమి పోటుకు వచ్చింది. దానికి రంగు తప్ప రుచీ వాసనా ఉండవు. గొట్టాల్లో రంగు కూడా ఉండదు. చేపకు అరగంటలో తెలుస్తుంది. మనిషికి మూడు గంటలు పడుతుంది, ముందు పెదాలు మొద్దుబారతాయి, తరవాత ఊపిరి. వచ్చిన గంటకే గేటు మూస్తే, నాలుగు రోజుల నిల్వ నీళ్లతో గట్టెక్కుతాం. భయంతో ముందే మూస్తే నిల్వ అయిపోయిన రోజున ఎర్రనీరే తాగాలి. అందుకే ఆరు చేపలు. ఆరింట్లో నాలుగు చెబితే గేటు మూస్తాం. ఒక్క చేప చెప్పేది నమ్మలేం.

ఆలోచిద్దాం అన్నారు గంగాధరం గారు.

జూన్ 19

ఉదయం అయిదింటికి తొట్టి నీళ్లు ఒక గ్లాసు ముంచి తాగాను. ఎనిమిదింటి దాకా గడియారం ముందు కూర్చున్నాను. పెదవులు కొరుక్కుంటూ చూశాను. ఎనిమిదికి మైకులో నా గొంతుతో నీళ్లు మంచివే అన్నాను. కుళాయిలు తెరిచాను.

జూన్ 23

అయిదో రోజు. గ్లాసు ఎత్తేసరికి బేబత్త మెట్లెక్కి వచ్చింది, ఆయాసపడుతూ. వెనక మరో నలుగురు, ఆ ఇళ్ల ఆడవాళ్లే.

"నీ ఒక్కదానిదేనా నోరు?" అంది. "మూడేళ్లు మా ఆయన మంచివే అంటే తాగాను. బతికున్నప్పుడు ఆయన మాట ఒక్కటీ వినలేదు నేను. ఇప్పుడు నా మాట ఈ మెట్టంతా వినాలి. రాయి నా పేరు."

అందరూ నవ్వారు. యోహాను బాబాయి తల్లి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆరిళ్లు, ఆరు రోజులు, రోజుకొకరు అని వంతులు వేశాం. రేపు బేబత్త. మా ఇంటి వంతు ఆరోది. నా పేరు రాయబోతే, ఇంట్లో అమ్మను అడిగి రాయమన్నారు.

అమ్మ నా పేరు రాయనివ్వలేదు. చేపను అడిగింది తనేనని, నేను రోజూ మెట్లు ఎక్కాల్సినదాన్నని అంది. గ్లాసు ఇంటికే తెచ్చిపెట్టమంది. నేను చాలా చెప్పాను. వాదించాను. పుస్తకంలో ఉన్న వయసు లెక్కలు చెప్పాను, అరవై దాటితే విషం తొందరగా ఎక్కుతుందని.

"వాళ్లయిదుగురి ఆడవాళ్లూ తాగుతుంటే ధనరాజు పెళ్లాం కూతుర్ని పంపించిందంటారే" అంది.

జూన్ 27

ఇవాళ్టి గ్లాసు తాతారావు గారి చెల్లెలిది. ఎనిమిదింటికి మైకులో ఆవిడే చెప్పింది. జనం ఇప్పుడు చేపల కాలంలో కంటే శ్రద్ధగా వింటున్నారు.

గంగాధరం గారు జబ్బు కాగితం మీద సంతకం చేశారు. నాకు చూపించారు. నేను వేరే ఉత్తరం రాస్తానన్నాను. రెండూ ఒకే సంచిలో పంపుతానన్నారు.

ఎత్తి రాయడం ఇక్కడితో అయింది. ఇక మిమ్మల్ని అడగవలసింది.

ఒకే గూటిలో పుట్టి, ఇప్పటిదాకా ఒక్క పూట కూడా విడిపోని మగ ఫైటర్ పిల్లలు ఆరు కావాలి. మేత పెట్టడానికైనా, కొలవడానికైనా, లెక్క చూడటానికైనా ఏ ఒక్కదాన్నీ విడిగా తీసి ఉండకూడదు. ఆరింటినీ ఒకే డబ్బాలో పంపండి. దారిలో డబ్బా మార్చవద్దని పడవ వాళ్లకు గట్టిగా చెప్పండి. ఒకటి దారిలో చనిపోతే దాన్ని కూడా తీయకుండా అలాగే రానివ్వండి. మా తొట్టిలో రాళ్లు, ఇసుక, నాచు అన్నీ మార్చి, అద్దాలు ఉప్పుతో మూడుసార్లు కడిగాను. పాత వాసన ఏదీ ఉండదు. కొత్తవాటికి మనుషుల పేర్లు పెట్టబోవడం లేదు. పలుకుపెట్టెలో గొంతులు తీసేసి గంట పెట్టమని ఆరిళ్ల వాళ్లూ కలిసి అడిగారు. వేలిముద్రలు ఈ కాగితం వెనక ఉన్నాయి. మా అమ్మది అన్నిటికంటే కింద.

నాపై మీరు ఏ చర్య తీసుకున్నా ఒప్పుకుంటాను. వచ్చే కాపరికి పని నేర్పే దాకా జీతం లేకుండా ఉంటాను. కాని దయచేసి ఆ విచారణను, చేపలు పంపడాన్ని ఒకదానికొకటి ముడిపెట్టకండి.

జూలై 3 సాయంత్రం లోగా మీ జవాబు నాకు అందాలి. మీ దగ్గర అలాంటి చేపలు లేకపోతే, లేవని ఒక్క ముక్కైనా రాయండి. అప్పుడు నాలుగో తేదీ పగలంతా అమ్మతో ఇంకోసారి మాట్లాడటానికి నాకు వీలుంటుంది. పౌర్ణమి పోటు అయిదున. ఆ ఉదయం మొదటి గ్లాసు మా అమ్మది.

ఇట్లు,
సంగాడి నూకరత్నం
నీటి కాపరి, తొమ్మిదో మెట్ట